కాస్త ఎడంగా జరగమనం?

మూకుట్లో మొక్కజొన్న గింజలు పోసి పేలాలు వేయిస్తుంటే, ఏ గింజ ముందు పేలుతుందో చెప్పగలరా? మనవల్ల కాదు. సగం గింజలు పేలడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం అలవాటున్న చెయ్యి చెప్పేస్తుంది. రేడియం సంగతీ ఇంచుమించు అంతే. ఏ పరమాణువు ఎప్పుడు పగులుతుందో ఎంత పండితుడూ చెప్పలేడు. కానీ ఉన్నదాంట్లో సగం సుమారు 1600 ఏళ్ళలో పగిలి రాడాన్ అనే వాయువుగా మారుతుంది. మిగిలిన సగంలో సగానికి మరో 1600 ఏళ్ళు! దీన్నే అర్ధాయువు అంటారు. గింజకైనా నిప్పు కావాలి. రేడియం మంటలో పెడితే తొందరపడదు, మంచులో పెడితే ఆగదు. పగిలినప్పుడల్లా ఓ ఆల్ఫా కణాన్ని విసురుతుంది.

దీన్ని 1898లో భర్త పియరీతో కలిసి కనిపెట్టిన మేరీ క్యూరీ, 1934లో ఎముకల్లో మూలుగ దెబ్బతిని పోయింది. ఆమెది త్యాగమంటాం. అనాలి కూడా.

మరి అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రపు ఆరెంజ్ అనే ఊళ్ళో, 1917 నుంచి గడియారాలకు రేడియం రంగుతో అంకెలు దిద్దిన ఆడపిల్లల్ని ఏమనాలి? కుంచె మొన సన్నగా రావడానికి పెదవుల మధ్య పెట్టుకోమని నేర్పారు వాళ్ళకి. పాపం, చీకట్లో మెరుస్తుందని సరదాకి గోళ్ళకీ పళ్ళకీ కూడా పూసుకునేవారట! అక్కడే పనిచేసే రసాయన శాస్త్రజ్ఞులు మాత్రం సీసపు పలకల చాటున, పట్టకార్లతో పనిచేసేవారు. రేడియం గుణంలో కాల్షియంకి చుట్టం. ఒంట్లోకి వెళ్తే ఎముకల్లో చేరి తిష్ఠ వేస్తుంది. పళ్ళు ఊడిపోయాయి, దవడలు కుళ్ళిపోయాయి. 1927లో కోర్టుకెక్కిన అయిదుగురికి మరుసటి ఏడు రాజీలో తలా 10,000 డాలర్లు ఇచ్చారు.

విజ్ఞానం పెరగాలంటే ఎవరో ఒకరు బలికాక తప్పదని మగవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. (ఆడవాళ్ళూ అంటారులెండి.) నన్నడిగితే ఈ చావుల్ని ఒకే గాటన కట్టడం అన్యాయం. క్యూరీకీ ప్రమాదమంతా తెలియదు, నిజమే. కానీ ప్రయోగం ఆమెది, తెలుసుకునే చదువు ఆమెది, ఆపేయాలన్నా ఆమె ఇష్టమే. ఆ పిల్లలు అడిగితే ఏం ఫరవాలేదన్నారు. తెలిస్తే మానేసేవారో, కూలికోసం అయినా చేసేవారో! తేల్చుకోవలసింది వాళ్ళు కదూ?

ఎవరికి ఎప్పుడు జబ్బు చేస్తుందో ముందే ఎలా చెప్తాం అంటారు కొందరు. ఏ గింజ పేలుతుందో తెలియనంత మాత్రాన, మూకుడి పక్కన కూర్చున్న పిల్లని కాస్త ఎడంగా జరగమనమా?

క్యూరీ నోటుపుస్తకాల్ని ఇప్పటికీ పారిస్ జాతీయ గ్రంథాలయంలో సీసపు పెట్టెల్లో దాచారు. చూడదలచినవాళ్ళు ప్రమాదం సంగతి తమకు తెలుసునని ముందుగా సంతకం పెట్టాలి. ఆరెంజ్ పిల్లల ముందు అలాంటి కాగితం ఎవరూ పెట్టలేదు.