ఎంత బిగించాలి? ఎవరు చెప్పాలి?

ఒక నట్టును ఎంత బిగించాలనే ప్రశ్నలో నీతి ఏముంటుందని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నేనూ నవ్వేవాణ్ణే. జ్ఞానసిద్ధాంతం గురించి తరగతి గదిలో ఏళ్ల తరబడి మాట్లాడిన నాకు, అనకాపల్లిలో ఒక మోటారు సైకిళ్ల షెడ్డులో నా కళ్లముందు ఒక కుర్రవాడు చెంపదెబ్బ తిన్నాకగాని ఆ ప్రశ్న తగలలేదు. న్యాయంగా ఆ దెబ్బ నేను తినవలసింది.

నాది నూరు సీసీ లోపు బండి. ఇంజను అడుగున నూనె తీసే బోల్టు ఒకటి ఉంటుంది. బోల్టు ఉక్కుది, అది దిగే పెట్టె అల్యూమినియంది. ఈ రెండూ పట్టుదలకు పోతే ఓడిపోయేది అల్యూమినియమే. నూనె నేనే మార్చుకుందామని సరదా పుట్టి, ఆ బోల్టుకు ఎంత బిగింపు ఉండాలో వెతికాను. బండితో పాటు నాకిచ్చిన చిన్న పుస్తకంలో ఆ సంగతి లేదు. మరమ్మతు చేసేవారికని అచ్చువేసే పెద్ద పుస్తకంలో ఉంది: 25 న్యూటన్ మీటర్లు. ఒక మిత్రుడి దగ్గర టార్క్ రెంచి అరువు తెచ్చి, ముల్లు 25 మీద పెట్టి, అది "టక్కు"మనే దాకా తిప్పాను. శాస్త్రీయంగా పని చేశానన్న తృప్తి కలిగింది.

మూడు నాలుగు నెలల తరవాత బండి షెడ్డుకు ఇచ్చాను. అక్కడ పని నేర్చుకుంటున్న కుర్రవాడు నూనె వంపి, బోల్టు తిరిగి బిగిస్తున్నాడు. బిగుస్తూ బిగుస్తూ అది హఠాత్తుగా వదులై ఊరికే తిరగసాగింది. బయటికి తీస్తే అల్యూమినియం మర మొత్తం తీగచుట్టలా బోల్టుకు చుట్టుకుని వచ్చింది. మేస్త్రీ లేచి వాడి చెంప పగలగొట్టాడు. "సెయ్యి తెలీదేట్రా నీకు? ఎక్కడ ఆపాలో సెయ్యికి తెలియాల!" అన్నాడు. లేతు దగ్గర కొత్త మర వేయించడానికి అయిన ఆరువందలూ వాడి కూలిలో కోత పెట్టాడు. "పోనిద్దురూ" అని నేను ఒక మాట అని, తెప్పించిన టీ తాగి వచ్చేశాను.

ఆ తరవాత ఎప్పుడో రెంచి తిరిగి ఇచ్చేయబోతూ చూశాను. దాని మీద రెండు కొలతలున్నాయి: ఒక వరస న్యూటన్ మీటర్లు, ఇంకో వరస అడుగు–పౌండ్లు. నేను 25 పెట్టింది రెండో వరసలో. అంటే దాదాపు 34 న్యూటన్ మీటర్లు. ఉండవలసినదానికి మూడోవంతు పైచిలుకు ఎక్కువ. మరను సగం చంపినవాణ్ణి నేను, చివరి ఊపిరి తీసిన పాపం కుర్రవాడిది.

ఇక్కడ నన్ను బాధించింది నా పొరపాటు కాదు. పొరపాటు ఎవరైనా చేస్తారు. నన్నెవరూ అనుమానించకపోవడం బాధించింది. ఆ బోల్టు మీద నేను చెయ్యి వేశానని నేను చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. ఒకవేళ అడిగినా "పుస్తకం ప్రకారం 25 పెట్టాను" అని చెప్పేవాణ్ణి, అందరూ నమ్మేవారు. కుర్రవాడు "నేను ఎక్కువ తిప్పలేదు" అంటే నమ్మేవాడు లేడు. వాడి దగ్గరున్నది చెయ్యి మాత్రమే, చెయ్యి సాక్ష్యం చెప్పలేదు.

అభ్యుదయవాదుల్లో ఈ విషయం మీద రెండు రకాల తొందరపాటు చూస్తుంటాను. కొందరికి అంకె అంటే విజ్ఞానం, చేతివాటం అంటే మూఢనమ్మకానికి పినతల్లి కూతురు. మరికొందరికి చేతివాటం ప్రజల జ్ఞానం, అంకె పెట్టుబడిదారు పన్నిన వల. ఇద్దరూ బోల్టు ముట్టుకున్నవారు కారు.

బోల్టును బిగించడమంటే దాన్ని ఇసుమంత సాగదీయడం. అది గట్టి స్ప్రింగు లాంటిది. సాగినది వెనక్కి లాక్కుంటూ రెండు భాగాలను పట్టి ఉంచుతుంది. మనకు కావలసింది ఆ పట్టు. కాని మనం కొలవగలిగేది తిప్పడానికి పట్టిన బలం. ఆ బలంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు బోల్టు తల కిందా, మరలోనూ ఒరిపిడికే ఖర్చవుతుంది. సాగదీయడానికి మిగిలేది పదోవంతు. పొడి మరకని చెప్పిన అంకెను నూనె తగిలిన మర మీద ప్రయోగిస్తే ఒరిపిడి తగ్గి, అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది. కనక అంకె సత్యం కాదు. ఫలానా పరిస్థితిలో సత్యానికి దగ్గర దారి.

అనకాపల్లివాళ్లకు ఇది కొత్త విషయం కాకూడదు. బెల్లం వండేవాడు పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ కడుతుందా లేదా అని చూసి పెనం దింపుతాడు. ఉష్ణమాపకం పెడితే సుమారు 118 డిగ్రీలంటుంది. 1913 నుంచీ మన ఊళ్లో చెరకు మీద పరిశోధన జరుగుతూనే ఉంది, దానివల్ల వండేవాడి వేళ్లు పనికిరాకుండా పోలేదు. ఈ ఏటి రసం ఎలా ఉందో ఉష్ణమాపకానికి తెలియదు, వేళ్లకు తెలుస్తుంది. అయితే ఆ వేళ్ల జ్ఞానం కొడుక్కి అబ్బాలంటే ఎన్ని పెనాలు మాడాలి?

టార్క్ రెంచి కూడా ఏ తత్వవేత్త మెదడులోనూ పుట్టలేదు. 1937లో దానికి పేటెంటు పొందిన కాన్రాడ్ బార్ న్యూయార్క్ నగర నీటి శాఖలో పనిచేసినవాడు. పైపుల బోల్టులను మనుషులు అతిగా బిగించి చెడగొట్టడం అతను చూశాడు. కాని అదే కాలపు మరో ధోరణి టేలరుది. 1911 నాటి పుస్తకంలో అతను పనివాడి చేతిలోని నేర్పును గీతలుగా, నిమిషాలుగా మార్చి యాజమాన్యం బల్ల మీదికి చేర్చమన్నాడు. లెనిన్ 1914లో ఆ పద్ధతిని యంత్రానికి మనిషి దాస్యంగా ఖండించి, 1918లో అందులోని శాస్త్రీయాంశాన్ని నేర్చుకోవాలన్నాడు. ఇందులో వైరుధ్యం చూసేవారు అంకె ఎవరి బల్ల మీద ఉందో చూడరు. పనివాడి దగ్గర కూడా ఉన్న అంకె అతనికి రక్ష. యజమాని దగ్గర మాత్రమే ఉన్న అంకె కొరడా. మన షెడ్డులో అంకె ఇద్దరి దగ్గరా లేదు, కొరడా మాత్రం ఉంది.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది, డిసెంబరులో ఒక పోర్టలు తెరిచింది. అందులో వాహనాలూ చేరాయి. మంచిదే. అయితే అది కొనుక్కున్నవాడి హక్కుగా మొదలయింది. పానా పట్టినవాడి హక్కు అనే మాట ఇంకా వినబడవలసే ఉంది.

చాలా రోజులు వాయిదా వేసి చివరికి షెడ్డుకు వెళ్లాను, ఒక కొక్కెం కాటా పట్టుకుని. లెక్క సులువు. పాతిక సెంటీమీటర్ల పానా కొసన పది కిలోల బలంతో అడ్డంగా లాగితే ఇంచుమించు 25 న్యూటన్ మీటర్లు అవుతుంది. ఖరీదైన రెంచి అక్కరలేదు. మేస్త్రీని ముందు తన చేతి లెక్కన బోల్టు బిగించమన్నాను. తరవాత పానాకు కాటా తగిలించి, బోల్టు మళ్లీ కదలబోయే చోట ఎంత చూపిస్తుందో చూశాం. ఐదుసార్లు చేశాడు. తొమ్మిదికీ పదకొండుకూ మధ్యనే వచ్చింది ప్రతిసారీ. ఆ చెయ్యి నా పుస్తకం కన్న నమ్మకమైనది.

అప్పుడు అసలు సంగతి చెప్పాను. అతను కాటా వంక చాలాసేపు చూశాడు.

"అయితే ఆ గుంటడు ఎక్కువ తిప్పనేదన్నమాట."

"లేదు. నేను తిప్పాను."

"మరప్పుడే సెప్పీసుంటే బాగుండేది గదా మేష్టారూ."

కుర్రవాడు అప్పటికి నెల క్రితమే పని మానేసి అచ్యుతాపురం వైపు ఏదో ఫ్యాక్టరీలో చేరాడట. ఏ ఫ్యాక్టరీయో మేస్త్రీకి తెలియదు. ఆరువందలూ అతని చేతిలో పెట్టాను. వాడి మేనమామ సంతకు వస్తుంటాడు, ఇస్తానన్నాడు. నోట్లు మడిచి, పాత వాసర్లు వేసే డబ్బాలో అడుగున దాచాడు.