అనుమంద్రం

తువా, మంగోలియా గొంతు పాటలంటే ఎందుకంత ఇష్టమని అడిగినవాళ్లకు చాలాకాలం ఒకటే జవాబు చెప్పాను. ఒకే గొంతు ఒకేసారి రెండు స్వరాలు పలుకుతుంది కదా, ఇంకేం కావాలి అని. ఆ మాట నిజమే. దాని వెనక ఇంకొకటి దాచుకుంటున్నానని కూడా నాకు తెలుస్తూనే ఉండేది.

ముందు పైకి చెప్పిన నిజం. తువా రష్యాలో, సైబీరియా దక్షిణపు అంచున, మంగోలియాను ఆనుకుని ఉంటుంది. గొర్రెలనూ గుర్రాలనూ మేపుకుంటూ బతికిన జనం. వాళ్ల గొంతు పాటను ఖోమేయ్ అంటారు. అందులో సిగిట్ అనే పద్ధతి ఉంది. గాయకుడు ఒక శ్రుతిని పట్టి కదలకుండా నిలుపుతాడు. నాలుకను పై చిగుళ్లకు ఆనించి, నోటి లోపలి ఖాళీని కొద్దికొద్దిగా మారుస్తూ ఉంటే ఆ శ్రుతిలోనే ఉన్న అతిస్వరాలు ఒక్కొక్కటే ఈలలాగా పైకి తేలతాయి. మూల శ్రుతికి 8, 9, 10, 12 రెట్లు వేగంగా కంపించేవాటిని ఎంచుకుంటాడు. 7, 11 రెట్లవాటిని దాటేస్తాడు. ఎంచుకున్నవి మన చెవికి స రి గ ప. మోహన రాగపు మొదటి నాలుగు మెట్లు. ఎక్కడో సైబీరియా గడ్డి మైదానంలో మోహన!

సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది మరీ పరాయిది కాదు. తంబురాకు ఉన్నవి పంచమం, షడ్జాలు, అంతే. తీగల కింద జీవాళి దారం కుదిరి శ్రుతి నిండుగా కలిస్తే ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. స్వయంభూ గాంధారమని మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టుకున్నారు. సి.వి. రామన్ 1921లోనే తంబురా, వీణల గుర్రం (బ్రిడ్జి) మీద తీగ తాకే తీరును పరిశీలించి, ఆ నాదంలో అతిస్వరాలు అంత సమృద్ధిగా ఎందుకుంటాయో రాశాడు. మనం తంబురాకు అప్పగించిన పనిని తువా గాయకుడు తన గొంతుతోనే చేసుకుంటాడు. శ్రుతీ తనే, పాటా తనే. పక్కన ఎవరూ లేని మేత బీడులో అలా పాడుకోగలగడం చూస్తే నాకు అసూయ. శ్రుతి పెట్టె లేకుండా నేను రెండు నిమిషాలు కూడా నిలబడలేను.

ఇంతవరకూ ఎవరితోనైనా చెప్పగలను. దాచుకున్నది ఖోమేయ్‌లోనే కార్గిరా అనే ఇంకో పద్ధతి సంగతి.

మన స్వరతంత్రులకు కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. మామూలు పాటలో వాటికి పని లేదు. కార్గిరా పాడేటప్పుడు అవి కూడా కదులుతాయి. స్వరతంత్రులు రెండుసార్లు కంపిస్తే ఇవి ఒకసారి. దాంతో స్వరం ఒక స్థాయి కిందికి దిగిపోతుంది, అనుమంద్రంలోకి. గరగరగా, బరువుగా, తీపి అన్నదే లేకుండా. హూన్-హూర్-తు అనే తువా బృందం రికార్డింగుల్లో ఆ గొంతు మొదలైన ప్రతిసారీ నా మెడ నరాలు సడలిపోతాయి.

నాది బొంగురు గొంతు. చిన్నప్పుడు సంగీతం క్లాసులో ఆడపిల్లలందరికీ ఐదు శ్రుతి. నాది నాలుగు దాటితే బిగుసుకునేది. అయినా పైకి తెచ్చుకోమనేవారు. ఇంట్లో కూడా అంతే, ఫోనెత్తితే అవతలివాళ్లు అబ్బాయి అనుకున్నారని అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. క్రమంగా నాకు తెలియకుండానే గొంతు సన్నం చేసుకోవడం అలవాటైంది. తీయగా ఉండనక్కర్లేని గొంతు కోసం నా చెవి ఎన్నేళ్లుగా ఎదురుచూస్తోందో కార్గిరా విన్నాకే తెలిసింది.

మరి ఇది దూరపు కొండలు నునుపు అన్నట్టేనా? చాలాసార్లు వేసుకున్న ప్రశ్న. కొమురవెల్లిలో ఒగ్గు కథ విన్నాను. ఆ కథ చెప్పే కురుమలదీ మేపుకునే బతుకే, మల్లన్న వాళ్ల దేవుడు. రాత్రి గడిచేకొద్దీ కథకుడి గొంతు గరుకెక్కుతుంది. అది తీయగా ఉండాలని అక్కడ ఎవరూ కోరరు. వింటుంటే నాకు అదే సడలింపు. కాబట్టి దూరమొక్కటే నన్ను లాగడం లేదు. అయితే అక్కడ కూడా కథ చెప్పేది ఎక్కువగా మగవాళ్లే. ఉజ్జయినీ మహాకాళి బోనాల్లో రంగం రోజున పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆమె గొంతు గంభీరంగా, అధికారంగా ఉంటుంది. అందరూ చేతులు కట్టుకుని వింటారు. మన దగ్గర ఆడమనిషి అలా పలకాలంటే అమ్మవారు పూనాలి.

తువాలోనూ తేలిక కాదు. ఖోమేయ్ పాడితే ఆడవాళ్లకు కాన్పులు కష్టమవుతాయని, పిల్లలు పుట్టరని నమ్మేవాళ్లు. అయినా 1998లో చోదురా తుమత్ ఆడవాళ్లతోనే తువా కిజీ అనే బృందం కట్టింది. ఆ అమ్మాయిలు పాడుతుంటే ఇదివరకు నాకు అందం కనిపించేది. ఇప్పుడు ధైర్యమే ముందు కనిపిస్తోంది.

నాచారంలో ఇల్లు, పోచారంలో ఆఫీసు. ఉప్పల్ దాటాక నారపల్లి దాకా ఫ్లైఓవర్ స్తంభాల మధ్య కారు నత్తనడక నడుస్తుంది. అద్దాలు మూసుకుని, ఫోన్లో మూడు శ్రుతి తంబురా పెట్టుకుని మంద్ర పంచమం దాకా దిగుతాను. ఖోమేయ్ నేర్చుకోవాలని లేదు. నేర్పేవాళ్లు లేకుండా గొంతు నొక్కితే దెబ్బతింటుంది. పైగా నాకు కావలసింది ఇంకొకరి విద్య కాదు, నా గొంతే. ఆ మంద్ర పంచమం దగ్గర అది వణకకుండా, ఎవరినీ మెప్పించే తొందర లేకుండా నిలుస్తోంది.

ఆఫీసులో మీటింగు మొదలవగానే మాత్రం మళ్లీ సన్నబడుతుంది. ఎవరూ అడగరు. ఎదురుగా ఉన్నవాళ్లలో సగం మంది నాకంటే చిన్నవాళ్లు. అయినా ఆ మొదటి మాట ఐదు శ్రుతిలోనే వస్తుంది. ఎవరి కోసం అలా పలుకుతున్నానో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.