శిశుచికిత్సలో తల్లి స్థానము

ప్రహ్లాదుడు చెప్పిన నవవిధభక్తులలో మొదటిది శ్రవణము. ఆ శ్రవణమాతనికి ఎచ్చట లభించినదో భాగవత సప్తమస్కంధము చదివినవారికి తెలియును. లీలావతి గర్భవతియై నారదాశ్రమమున నున్నపుడు మహర్షి ఆమెకు ధర్మతత్త్వమును, గర్భస్థుని గూడ ఉద్దేశించి, బోధించెను. విన్నది తల్లి, నిలుపుకొన్నది బిడ్డ. గురువు బిడ్డను తల్లినుండి వేరుచేసి బోధింపలేదు. అది సాధ్యమును గాదు. తల్లి ద్వారముననే బిడ్డను చేరెను.

వినికిడి లేకయో, మాట రాకయో, బుద్ధివికాసము మందగించియో పెరుగుచున్న పసిబిడ్డ విషయమున నేడు ఒక ధర్మసందేహము కలుగుచున్నది. ఆ బిడ్డకు ఏది మేలో నిర్ణయింపవలసినది శాస్త్రము చదివిన నిపుణులా, కన్నవారా?

మా మండపేటలో ఒక రైసుమిల్లు కార్మికుని ఇంట రెండేండ్ల బాలుడు పిలిచినను పలుకకుండెను. "మావాడికి వినపడుతుందండీ ఆచార్యులుగారూ! గుడిలో డోలు మోగితే తల తిప్పుతాడు. వీళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని నాయనమ్మ అనెడిది. ఆమె చెప్పినది అబద్ధము కాదు. డోలుకు తిరుగు బిడ్డ చేతిగంటకు తిరుగకుండుటను తల్లియు గమనించినది. కాని ఆమెను అడిగినవారు లేరు. మొదట వెళ్లినచోట చెవికి పెట్టు యంత్రమొకటి ఇచ్చి పంపివేసిరి. అది బీరువాలో చేరినది. పగిలిపోవునని భయము, నలుగురు చూచెదరని సిగ్గు.

పిమ్మట వేరొక శిక్షకురాలు తల్లిని కూర్చుండబెట్టి, ఇంటిలో బిడ్డ ఏ ధ్వనికి ఏమి చేయునో అడిగినది. అప్పుడు డోలు మాట బయటపడినది. మంద్రధ్వనులు అందుచు తారధ్వనులు అందని చెవుడు కలదనియు, అట్టి బిడ్డకు అచ్చులు కొంత వినబడినను స, శ వంటి హల్లులు జారిపోవుననియు, అందుచేతనే మాట కుదురుకొనదనియు ఆమె వివరించినది. డోలు వినబడుచున్నదనుట ఇంటివారి జ్ఞానము. డోలు వినబడినంతనే మాట వినబడినట్లు కాదనుట నిపుణురాలి జ్ఞానము. రెండును కలిసిన దినముననే చికిత్స ఆరంభమైనది.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకుని గుణములలో ఉపచారజ్ఞత, దక్షత, శుచిత్వములతోబాటు అనురాగమును గూడ చేర్చినది. అనగా ప్రేమ చికిత్సకు వెలుపలిది కాదు, అందులో భాగమే. ఇక రోగి గుణములలో ఒకటి, తన బాధను తెలియజెప్పగలుగుట. పసిబిడ్డ దానిని చేయలేడు గనుక ఆ భారము గూడ తల్లిపైననే పడును. లెక్కించి చూచినచో శిశుచికిత్సలో తల్లి ఒక పాదము కాదు, ఒకటిన్నర పాదము!

వైద్యుడే ప్రధానుడని ఆ గ్రంథమే చెప్పలేదా యని పండితులు ప్రశ్నింపవచ్చును. చెప్పినది. కుమ్మరి లేనిదే మట్టియు చక్రమును కుండ కాజాలవని దృష్టాంతమును గూడ ఇచ్చినది. కాని మట్టి లేక కుమ్మరి మాత్రమేమి చేయును? నిపుణుడు బిడ్డను చూచునది వారమునకొక గంట. నీళ్లు పోయునపుడు, గోరుముద్దలు పెట్టునపుడు, జోలపాడునపుడు దగ్గరనుండునది ఇంటివారే. అచ్చటనే మాట మొలకెత్తవలెను.

నమ్మాళ్వారు పదునారేండ్లు మౌనముగా నుండలేదా యని కొందరందురు. అది పూర్ణజ్ఞానుల మౌనము. మన ఇంటి బిడ్డకు దానిని కొలతగా పెట్టరాదు. అదియునుగాక, మధురకవి చింతచెట్టు క్రిందకు వచ్చి, ఈ మహనీయునికి వినబడునో లేదో యని రాయి పడవేసి చూచెనని గురుపరంపర కథ. పరీక్షింపక కూర్చుండుట మన సంప్రదాయము కాదన్నమాట. మరికొందరు పూర్వకర్మమని ఊరకుందురు. ఆకలి గూడ కర్మఫలమేయని ఎవరును బిడ్డకు పాలు మానివేయరు గదా.

కాలము గూడ ముఖ్యము. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు చికిత్స జరుగవలెనని నేటి వైద్యుల మతము. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలో ఏడాదికి రెండుమార్లు పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా కేంద్రములకు పంపుట ఏర్పాటు. తిరుపతిలో దేవస్థానమువారి 'శ్రవణం' కేంద్రమున వినికిడిలేని పసివారికి తల్లులతోబాటు శిక్షణ గలదు. ఆ పేరు పెట్టినవారెవరో గాని, ప్రహ్లాదుని తలచుకొనియే పెట్టియుందురు.

నిపుణులకొక విన్నపము. తల్లి చెప్పుచున్నపుడు కాగితముపైనుండి తల యెత్తి వినుడు. కోడలు ఇంటికి పోయి చెప్పలేని మాటలు కొన్నియుండును. యంత్రమును బీరువాలో దాచవద్దనుట కోడలు చెప్పిన సాగదు. మీరు అత్తగారితో చెప్పిన సాగును. కావున రెండవమారు రమ్మనునపుడు నాయనమ్మను గూడ వెంటబెట్టుకొని రమ్మని చెప్పుడు.