మోత

అహోబిలం నరసింహస్వామి ప్రతి చలికాలం ఒక రోడ్ ట్రిప్ వేస్తాడు. కనుమ నాడు పల్లకీ ఎక్కి బయల్దేరి, నలభై రోజులకు పైగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ముప్పైకి మించిన పల్లెలు తిరుగుతాడు. దాన్ని పారువేట అంటారు. చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి చెంచులు ఆయనకు అత్తింటివాళ్ళు. బ్రహ్మోత్సవాల్లో జరిగే తన కల్యాణానికి వాళ్ళనీ, ఊళ్ళవాళ్ళనీ స్వయంగా పిలవడానికి వెళ్తాడని జనం చెప్పుకుంటారు. వాట్సాప్‌లో కార్డు పడేసి ఊరుకునే మనకంటే మర్యాద తెలిసినవాడు. కాకపోతే ఇన్ని రోజుల ప్రయాణంలో ఆయన ఒక్క అడుగు కూడా వెయ్యడు. బోయీలు మోస్తారు.

నా ప్రశ్న ఆ భుజాల గురించి. దేవుడి సంగతి సరే. ఒక మనిషి డబ్బిచ్చి ఇంకో మనిషి చేత తనని మోయించుకోవడం తప్పా?

ఇది పుస్తకంలోంచి పుట్టిన ప్రశ్న కాదు. పోయిన డిసెంబరు సెలవుల్లో అమ్మ, నాయన, నా భార్య, ఆరేళ్ళ కూతురితో హైదరాబాదు నుంచి కారులో అహోబిలం వెళ్ళాం. కర్నూలు దగ్గర ఉగ్గాని బజ్జీ, నంద్యాల వైపు నల్లరేగడి చేలల్లో శనగ పైరు, పొద్దుటి మంచు, వెనక సీట్లో అంత్యాక్షరి. అంతవరకూ అందరి ట్రిప్పుల్లాంటిదే. ఎగువ అహోబిలం చేరాక తేడా వచ్చింది. అక్కడి నుంచి జ్వాలా నరసింహుడి గుడికి భవనాశిని వాగు పక్కన రాళ్ళమీదుగా, మెట్లమీదుగా నడవాలి. అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. డోలీవాళ్ళు వచ్చి అమ్మని ఎగాదిగా చూసి ఒక రేటు చెప్పారు.

రిటైరైన స్కూలు మాస్టరు మా నాయన. వెంటనే అడ్డం పడ్డాడు. "మనిషి భుజాల మింద ఎక్కిపోయి దేవున్ని సూసేదేంది?" అన్నాడు. అమ్మ తాపీగా, "మీ సిద్ధాంతానికి మోకాళ్ళు బాగుండాయి. నాకు లేవు" అంది. అని, ఎక్కి కూచుంది.

నాయన మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. పల్లకీ ఎక్కిన ప్రభువుని వదిలి మోసిన బోయీల గురించి అడగమన్న శ్రీశ్రీని చదివి పెరిగిన తరం ఆయనది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా దాదాపు నాయన పక్షానే మాట్లాడింది. మహారాష్ట్రలోని మాథెరాన్ కొండమీద మనుషులు లాగే రిక్షాలు మనిషి గౌరవానికి విరుద్ధమని, ఆరు నెలల్లో ఆపెయ్యాలని చెప్పింది. అయినా ఒక సందేహం. మా అపార్టుమెంటులో లిఫ్టు పనిచెయ్యని రోజున గ్యాస్ సిలిండర్ మోసుకుంటూ నాలుగంతస్తులు ఎక్కే కుర్రాడిని చూసి మాలో ఎవరం సిద్ధాంతం మాట్లాడలేదు. సిలిండర్ బరువు ఊపిరి పీల్చదు, కిందికి చూడదు. డోలీలో కూచున్న బరువుకి కళ్ళున్నాయి. మనకి ఇబ్బంది కలిగించేది మోత కాదేమో, మోత మన కంటబడటమేమో. అదే నిజమైతే, ఎక్కకుండా ఉండటం వల్ల శుభ్రపడేది మన చూపు మాత్రమే. ఆ పూట మోసేవాడి చేతిలో పైసా పడదు.

దీనికి ఎదురు వాదన అందరికీ తెలిసిందే: "అది వాళ్ళ బతుకుతెరువు, ఎక్కకపోతే వాళ్ళకే నష్టం." రాత్రి పదకొండింటికి, వానలో, బిర్యానీ ఆర్డర్ పెట్టేటప్పుడు నా తోటి ఇంజనీర్లు చెప్పే మాట కూడా ఇదే. అబద్ధం కాదు గానీ, చెప్పేవాడికే లాభం తెచ్చే నిజం కాబట్టి దాన్ని రెండోసారి తడిమి చూడాలి. ఎక్కకపోతే అతనికి నష్టమన్నంత మాత్రాన ఎక్కడం మంచిపని అయిపోదు. అతనికి ఇంకో దారి లేకపోవడం నాకు అనుమతి పత్రం ఎలా అవుతుంది?

భాగవతంలో జడభరతుడి కథ ఉంది. రహూగణుడనే రాజు పల్లకీకి బోయీ తక్కువైతే దారిలో కనబడ్డ బలిష్ఠుడిని పట్టుకొచ్చి కట్టారు. అతను నేలమీద జీవులు కాలికింద పడకుండా చూసుకుంటూ నడుస్తుంటే పల్లకీ కుదిపింది. రాజు కసిరాడు. మిగతా బోయీలు హడలిపోయి, తప్పు మాది కాదు, ఈ కొత్తవాడిది అన్నారు. అప్పుడా కొత్తవాడు, మోసేదెవరు, మోయబడేదెవరు, బరువెక్కడుంది అని ఆత్మవిచారం మొదలుపెట్టేసరికి రాజు దిగి కాళ్ళమీద పడ్డాడు. గొప్ప కథే. కానీ రాజు దిగింది జ్ఞాని కోసం. తిట్లకు భయపడ్డ ఆ మామూలు బోయీల కోసం దిగలేదు. వాళ్ళ భుజాలకి ఆత్మజ్ఞానం అక్కర్లేదు, కాసేపు విశ్రాంతి కావాలి.

డోలీ అనే మాట ఇంకోచోట కూడా వింటాం. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో రోడ్డు లేని ఊళ్ళ నుంచి నిండు గర్భిణులని కర్రకు కట్టిన గుడ్డలో అంబులెన్స్ దాకా మోసుకొస్తారు. పేపర్లో ఆ ఫొటో చూసి సిగ్గుపడతాం, కోపం తెచ్చుకుంటాం. కానీ మన సిగ్గు ప్రభుత్వం గురించి. మోసేవాడు తక్కువ, ఆమె ఎక్కువ అని ఎవరికీ తోచదు. ఈరోజు మోసినవాడికి రేపు జ్వరమొస్తే ఆ ఊరే అతన్నీ మోస్తుంది. అక్కడ మోత తిరిగొస్తుంది. అహోబిలంలో తిరిగి రాదు. అమ్మని మోసినవాళ్ళని మా కుటుంబం ఎప్పటికీ ఏ రూపంలోనూ మొయ్యదు. నాకు తప్పు కనిపించేది ఈ ఒకవైపు నడకలో. భుజం మీద కర్ర పడటంలో కాదు.

అలాగని మోతని ఆపేస్తే లెక్క సరిపోతుందా? జపాన్‌లో ఎడో నుంచి క్యోటోకి సముద్రతీరం వెంబడి తొకైదో అనే రహదారి ఉండేది. దారిలో ఓయి నది మీద షోగునులు వంతెన కట్టనివ్వలేదు, పడవలూ నడపనివ్వలేదు. ప్రయాణికులని కూలీలే భుజాలమీద, పలకలమీద నది దాటించేవాళ్ళు. 1870 ప్రాంతంలో మేజీ ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసి పడవలకి అనుమతి ఇవ్వగానే వాళ్ళ పని పోయింది. వాళ్ళలో కొందరు పక్కనున్న మాకినొహరా బీడుభూముల్లో తేయాకు తోటలు వేసుకున్నారు. ఇప్పుడది పేరున్న టీ ప్రాంతం. పడవ రావడంతో కథ అయిపోలేదు, భూమి కూడా దొరకాల్సొచ్చింది. మాథెరాన్ తీర్పులోనూ నాకు నచ్చింది నిషేధం కాదు, రిక్షా లాగేవాళ్ళకే ఈ-రిక్షాలు అందేలా పథకం చెయ్యమనడం. "నేను ఎక్కను" అనేవాళ్ళు తమ వాక్యాన్ని అక్కడిదాకా తీసుకెళ్ళాలి.

నాయన దారి పొడుగునా డోలీ పక్కనే నడిచాడు. ఒకచోట దించి నీళ్ళు తాగుతుంటే అమ్మ మోసేవాళ్ళలో పెద్దాయన్ని, "నీకు మోకాళ్ళు నొయ్యవా నాయనా?" అని అడిగింది. "ఎక్కేటప్పుడు ఏమనిపీదమ్మా, దిగేటప్పుడే" అన్నాడాయన. అమ్మ తన మందు పేరు చెప్పింది, ఏ పూట ఎంత రాసుకోవాలో కూడా. చెప్పిన రేటు మీద నేను కొంత ఎక్కువే ఇచ్చాను. ఎంతిస్తే సరిపోతుందో తెలిసే పద్ధతి ఏదీ నాకు దొరకలేదు.

ఇంట్లో వాదన ఇంకా తెగలేదు. నాయన మాట మార్చలేదు. అమ్మ మాత్రం ఈసారి జనవరిలో పారువేటకు ఏదో ఒక పల్లెకి పోదామంటోంది. అప్పుడైతే స్వామే కిందికొస్తాడు, తను ఎక్కే పని ఉండదని.