అడుగువైపు కుట్టు

అమ్మమ్మ పెద్దకర్మ రోజున నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. "భూదేవంత ఓర్పు" అన్నాను. అందరూ తలలూపారు. మా చిన్నమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆరేళ్లయింది, ఆ నవ్వు నన్ను వదల్లేదు.

ఓర్పా? అడ్డాకుల కట్టలో పది ఆకులు తగ్గితే సంతలో నలుగురిముందూ కడిగేసే మనిషి. అల్లుడు ఏదో అన్నాడని రెండేళ్లు అతనికి వేళకు అన్నం పెట్టింది గానీ పలకరించలేదు. అలాంటి మనిషి గురించి ఆ మాట నా నోట ఎలా వచ్చింది? అయినా భూదేవి ఏం ఓర్చుకుంది? సీతమ్మ కోసం నిలువునా చీలింది కదా. పర్ణశాల పక్కన పుట్టి ఆ సంగతి మర్చిపోయానంటే, నేను పొగిడింది అమ్మమ్మను కాదేమో. ఆమె వల్ల మాకు జరిగిన సుఖాన్నేమో.

ఆమె పని విస్తర్లు కుట్టడం. కోయ ఆడవాళ్లు అడవి నుంచి అడ్డాకు తెచ్చేవాళ్లు, ఈమె వెదురు పుల్లలు సన్నగా చీల్చి కుట్టేది. ప్రతి విస్తరికీ అడుగువైపు ఒక కుట్టు అడ్డంగా వేసేది. అవసరం లేని కుట్టు. పెళ్లిభోజనాల్లో కూర్చోగానే విస్తరి ఎత్తి వెనక చూసుకునేది. తనదైతే ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తినేది.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మెరకన ఉన్న ఒక బడిలో తలదాచుకున్నాం. అమ్మమ్మ ఇత్తడి బిందెలు వదిలేసి పుల్లల కట్ట చంకన పెట్టుకొచ్చింది. ఎవరో పులిహోర పంచారు. అన్నం పడకముందే విస్తరి తిరగేసి చూసి, "ఎవరు కుట్టారే తల్లీ, ఇందులో చారు పోస్తే ఇంకో వరదే" అంది. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. ఆ మధ్యాహ్నమంతా పిల్లల విస్తర్లకు మళ్లీ పుల్లలు గుచ్చుతూ కూర్చుంది.

దాన్నే అందరూ ధైర్యం అంటారు. నేను గర్వం అంటాను, పనిమంతురాలి గర్వం. కానీ ఆ రాత్రి నేను నిద్రపోయాననుకుని గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. పెద్దకర్మలో అది చెప్పలేదు. ఇప్పుడు గర్వం అనడం కూడా నాకు కావలసిన ముక్క ఏరుకోవడమేనా?

ఇక్కడ ఆగిపోయినప్పుడల్లా నాకు పోకల దమ్మక్క గుర్తొస్తుంది. పుట్టలో రాముణ్ణి చూసి, తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిందని భద్రాచలం స్థలపురాణం. తర్వాత పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న రాతిగుడి కట్టించాడు, సీతమ్మకు చింతాకు పతకం చేయించాడు, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడు. బంగారపు ఆకుకు ఇప్పటికీ పేరుంది, లెక్కుంది. తాటాకు కుళ్లిపోతుంది, మళ్లీ కప్పాలి. దమ్మక్క ఎన్ని వానాకాలాలు కప్పిందో కథలో లేదు. ఆమెకు పిల్లలున్నారో లేదో, పండ్లు దేవుడికి పట్టుకెళ్తుంటే ఇంట్లో ఎవరైనా సణిగారో కూడా లేదు. భక్తి అనే ఒక్క మాటలో అవన్నీ కొట్టుకుపోయాయి. నేను అమ్మమ్మను ఓర్పు అనే మాటతో చేసిందీ అదే.

అలాగని గుర్తుపెట్టుకోమని ఆమె అడిగిందా? తిని విసిరేసే వస్తువు మీద సంతకం చేసిన మనిషి. విసిరేస్తారని ఆమెకు తెలీదా?

మొన్న చిన్నమ్మను అడిగేశాను, ఆవేళ ఎందుకు నవ్వావని.

"ఓర్పేందిరా! ఒక్క నిమిషం ఊరికే కూర్చోలేక కదా అమ్మ ఆ ఇస్తరాకులు కుట్టింది" అంది.

సంత నుంచి ఒక కట్ట అడ్డాకు తెచ్చుకున్నాను. అడ్డకుట్టు వేయడం వచ్చింది. చారు మాత్రం కారిపోతోంది.