దేవుడు లేడనువాడు మంచివాడు కాగలడా?

ధ్యాన భాగములు: మత్తయి 21:28–32, రోమా 2:14–15



పట్టణములలో చదువుకొని సెలవులకు ఇంటికి వచ్చు మన బిడ్డలు ఒక ప్రశ్నను వెంట తెచ్చుచున్నారు. "దేవుడు లేడనువారిలో కూడ మంచివారున్నారు గదా, మరి దేవునితో పని యేమి?" అని వారు అడుగగా, కొందరు తలిదండ్రులు "నోరు మూసికో" అని గద్దించుచున్నారు. గద్దింపు జవాబు కాదు. సందేహించిన తోమాను ప్రభువు వెళ్లగొట్టలేదు. తన గాయములను చూపెను. కాబట్టి మాకు తరచుగా వచ్చు ప్రశ్నలను ఒక్కొక్కటిగా ఆలోచింతము.

1. దేవుని నమ్మనివాడు నీతిగా బ్రతుకగలడా?

బ్రతుకగలడు. ఈ మాట ఒప్పుకొనుటకు మనము భయపడనక్కరలేదు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరా, అనగా గోపరాజు రామచంద్రరావుగారిని తలంచుడి. బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన ఆయన అంటరానితనమును ఎదిరించి, అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భోజనములు పెట్టించెను. ఆయన కుమార్తెకు 1948లో సేవాగ్రామములో ఒక దళిత యువకునితో వివాహము జరిగెను. ఆయన కుమారుడు లవణంగారును, కవి జాషువాగారి కుమార్తెయైన కోడలు హేమలతగారును 1970 దశకములో స్టూవర్టుపురమునకు వెళ్లి, దొంగలని ముద్రపడిన కుటుంబములను ఆ బ్రతుకునుండి మళ్లించుటకు పాటుపడిరి. బ్రిటిషువారి కాలములో అదే ఊరిలో, నేరస్థ జాతుల చట్టము క్రింద పెట్టిన సెటిల్మెంటును నడిపినవారు రక్షణ సైన్యమువారు. దేవుని నామమున వెళ్లినవారును, దేవుడు లేడని వెళ్లినవారును ఒకే జనుల మధ్య పనిచేసిరి.

ఇది చూచి మన విశ్వాసము కదలవలెనా? ధర్మశాస్త్రము లేని అన్యజనులు కూడ దాని క్రియలను చేయుదురనియు, ఆ ధర్మము వారి హృదయములయందు వ్రాయబడియున్నదనియు పౌలు ముందే తెలిపెను. నాస్తికుని మంచితనము మన లేఖనమునకు విరోధము కాదు, దానికి సాక్ష్యమే.

2. దేవుని నమ్మకయే మంచి చేయగలిగినప్పుడు దేవుడెందుకు?

రాత్రివేళ కాలువ నీటి వంతు వచ్చినదనుకొనుడి. పొరుగువాడు నిద్రించుచున్నాడు. అతని గట్టు తెంచి నీరు మన చేనికి మళ్లించుకొనినను చూచువారు లేరు. పట్టుబడుదునను భయముచేత మాత్రమే పార ఎత్తనివాడు నీతిమంతుడు కాడు, జాగ్రత్తపరుడు. నరకభయముచేత మాత్రమే దొంగిలని విశ్వాసియు అట్టివాడే. భయమే నీతి కాదని నాస్తికులు చెప్పునది సత్యము.

అయితే భయము లేనప్పుడు కూడ "ఇది కూడదు" అని లోపల ఒక స్వరము పలుకుచున్నది. అది ఎక్కడిది? మనుష్యులు కలిసి బ్రతుకుటకు సమాజము నేర్పిన అలవాటని వారందురు. అందులో కొంత నిజమున్నది. కాని సమాజమే తప్పు నేర్పినప్పుడో? మన పల్లెల టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి నడచినప్పుడు, దానిని నేర్పినది సమాజమే. ఊరంతయు ఒప్పుకొనినను అది తప్పే. ఊరికంటె పై కొలత ఒకటి లేనియెడల ఊరిని తప్పుపట్టుట యెట్లు?

ఆ కొలత మానవ వివేకమేనని నాస్తికులు చెప్పుదురు. కాని వివేకము బలవంతునికి బలహీనుని వాడుకొను ఉపాయము కూడ నేర్పగలదు. బలహీనుడు కూడ అమూల్యుడని ఎందుకు ఎంచవలెను? దేవుడు ప్రతి నరుని తన స్వరూపమందు చేసెను గనుకనే యని మేము నమ్ముచున్నాము. గోరాగారు ఆ పునాదిని ఒప్పుకొనలేదు. అయినను దానిమీద కట్టదగిన గోడనే కట్టిరని మా తలంపు.

3. దేవుడున్నాడని రుజువు చేయగలరా?

గొలుసుతో పొలము కొలిచి చూపినట్లు చూపలేము. 1802లో విలియం పేలీ అను ఇంగ్లీషు బోధకుడు, గడియారమును చూచినవాడు దానిని చేసినవాడొకడున్నాడని గ్రహించునట్లే సృష్టిని చూచి సృష్టికర్తను గ్రహింపవచ్చునని వాదించెను. 1859లో డార్విను గ్రంథము వెలువడెను. జీవుల అమరిక బహుకాలము క్రమక్రమముగా కలిగినదని అది చూపిన తరువాత పేలీ వాదమునకు మునుపటి బలము లేదు. ఈ విషయములో మన బిడ్డలతో పోట్లాడవద్దు. ఏమియు లేకుండుటకు బదులు ఈ లోకము ఎందుకున్నది, అందులో ఈ క్రమము ఎందుకున్నది అను ప్రశ్న ఇంకను నిలిచియే యున్నది. అది దేవునివైపు చూపు వ్రేలు. బలవంతముగా ఈడ్చు త్రాడు కాదు.

4. మరి నాస్తికుని యెదుట మన జవాబేమి?

ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారులను జ్ఞాపకము చేసికొనుడి. ఒకడు పోనని చెప్పి, తరువాత ద్రాక్షతోటకు పోయెను. రెండవవాడు పోవుదునని చెప్పి పోలేదు. తండ్రి చిత్తము చేసినవాడెవడో అందరికిని తెలిసినదే. ఇక్కడ ఉపమానము నాస్తికుని కాక మనలనే ప్రశ్నించుచున్నది.

1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దొరగారియొద్దకు మాదిగలు రానారంభించినప్పుడు, వారిని చేర్చుకొనిన యెడల తాము రామని పై కులములవారు కొందరు చెప్పిరి. దొరగారును దొరసానిగారును వేరువేరుగా లేఖనము తెరువగా, లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను కొరింథు పత్రిక భాగమే ఇద్దరికిని కనబడెనట. వారు తలుపు మూయలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కులము గలవారు రానన్నను, కులము లేదని త్రోయబడినవారితోనే ఆ సంఘము నిలిచెను.

అట్టి సంఘమునకు పుట్టిన బిడ్డలు మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి కావలెనందురా? బల్లయొద్ద ఒక్క రొట్టె తిని, పెండ్లి సంబంధమునకు కులము, కట్నము విచారింతురా? అట్లయిన యెడల "దేవుడున్నాడు" అను మన మాటను కొట్టివేయుటకు నాస్తికుడు రానక్కరలేదు, మనమే చాలుదుము. దేవుడొక్కడేయని దయ్యములును నమ్మునని యాకోబు వ్రాసెను. నమ్మి వణకుట వాటి పని. నమ్మి విధేయులగుట మన పని.

కాబట్టి మీ బిడ్డ ఈ ప్రశ్నతో ఇంటికి వచ్చినప్పుడు వానిని కూర్చుండబెట్టి వినుడి. తెలిసినది చెప్పుడి, తెలియనిది తెలియదనుడి. తరువాత వాడు మన ఇంటి గడపను, మన గుడి బల్లను చూచును. అక్కడ వానికి జవాబు దొరకునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.