చేయూతకు గడువుంటుందా?

సాయం చేసే దేశం చిన్నదైతే ఆ సాయానికి మైల అంటదా? అగ్రరాజ్యాల ఉద్ధరణను అనుమానించడం మనం బాగానే నేర్చుకున్నాం. కానీ ముప్ఫై లక్షల జనాభా కూడా లేని ఒక దేశం యుద్ధంలో చితికిపోయిన చోటికి వెళ్ళి బళ్ళు బాగు చేయిస్తే, మన అనుమానాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? కొంతకాలంగా నన్ను వదలని ప్రశ్న ఇది.

లిథువేనియా సంగతే చూద్దాం. దశాబ్దాల సోవియట్ పాలనలో నలిగిన ఈ బాల్టిక్ దేశం 1990లో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 2004లో నాటోలో చేరింది. మరుసటి ఏడాదే అఫ్ఘనిస్తాన్ నడిమధ్యన ఉన్న ఘోర్ రాష్ట్రంలో పునర్నిర్మాణ బృందాన్ని నడిపే బాధ్యత తలకెత్తుకుంది. జామ్ మీనారు ఉన్న కొండసీమ అది. మంచు కురిస్తే దారులు మూసుకుపోతాయి. ఛగ్‌చరాన్ పట్టణంలో ఆ దేశపు సైనికులూ, పౌర నిపుణులూ 2013 వరకూ పనిచేశారు.

ఇక్కడ చరిత్రలో ఒక చేదు మెలిక ఉంది. 1979-89 మధ్య అఫ్ఘనిస్తాన్‌ని ఆక్రమించిన సోవియట్ సైన్యంలో నిర్బంధంగా చేరవలసి వచ్చిన లిథువేనియన్ యువకులు ఉన్నారు. రెండోసారి ఆ దేశం తన ఇష్టంతోనే వెళ్ళింది. అయినా రెండుసార్లూ వెళ్ళింది పెద్దవాళ్ళు మొదలుపెట్టిన యుద్ధం వెనకే. 2008 మే నెలలో, ఇరాక్‌లో ఒక అమెరికన్ సైనికుడు ఖురాన్‌పై కాల్పులు జరిపాడన్న వార్తకు ఛగ్‌చరాన్ జనం భగ్గుమన్నారు. ఆ ఘర్షణలో ఒక లిథువేనియన్ సైనికుడూ, స్థానికులూ చనిపోయారు. ఒకే జెండా కింద నిలబడ్డాక "మేం చిన్నవాళ్ళం, మేం వేరు" అంటే వినేవాళ్ళు ఉండరు.

అఫ్ఘన్ స్త్రీల హక్కులకోసం కూడా ఈ పోరాటమని 2001 నవంబరులో లారా బుష్ రేడియోలో చెప్పింది. స్త్రీలను కాపాడడం అనే మాట వలసపాలనకు ఎలా సమర్థన అయిందో, సతి మీద జరిగిన చర్చను ఆధారం చేసుకుని గాయత్రీ స్పివాక్ 1988లోనే విశ్లేషించింది. ఆ వ్యాసం క్లాసులో చెప్తున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: "మేడమ్, అయితే అక్కడ బళ్ళు కట్టకుండా ఉండాల్సిందా?"

కట్టాల్సిందే. అక్షరాలు దిద్దుకునే పిల్లకి ఆ ఇటుకలు ఎవరి డబ్బుతో వచ్చాయన్నది తర్వాతి సంగతి. పిహెచ్‌డీలు చేసి కూర్చున్న మనకి సిద్ధాంతం పేరుతో ఆమె చదువుని తీసిపారేసే హక్కు లేదు. నా పేచీ అంతా కట్టడంతోనే బాధ్యత తీరిపోయిందనుకోవడంతో.

ఇల్లు కట్టడం ఒకసారి చేసే పని. దాన్ని రోజూ ఊడ్చి, అలికి, నిలబెట్టుకోవడం ఎన్నటికీ తెమలని చాకిరీ. మొదటి దానికి శిలాఫలకం ఉంటుంది. రెండోదాన్ని ఆడవాళ్ళు చేస్తారు కనక లెక్కలోకి రాదు. పునర్నిర్మాణం కూడా ఈ పితృస్వామ్యపు లెక్కలోనే నడిచింది. కట్టినవాళ్ళు 2013లో వెళ్ళిపోయారు. 2015లో సీమా జోయెందా అనే స్త్రీ ఘోర్ గవర్నరయింది. ఎదురైన వ్యతిరేకత మధ్య ఆమె పదవి కొద్ది నెలలకే ముగిసింది. అదే ఏడాది అదే ఘోర్‌లో, బలవంతపు పెళ్ళినుంచి పారిపోయిన పందొమ్మిదేళ్ళ రుఖ్‌షానాను రాళ్ళతో కొట్టి చంపారు. 2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగొచ్చారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి తలుపులు మూసేశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూతపడ్డాయి. గోడలు నిలబడే ఉన్నాయి, ఆమెకి లోపలికి దారి లేదు.

ఆ 2021 ఆగస్టులోనే లిథువేనియా రెండు పనులు చేసింది. తనకోసం పనిచేసిన అఫ్ఘన్ దుబాసీలను కుటుంబాలతో సహా తీసుకొచ్చింది. అది మెచ్చుకోవలసిన పని. మరోపక్క బెలారస్ సరిహద్దులో వలసవచ్చినవాళ్ళని వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. బెలారస్ ప్రభుత్వం వాళ్ళని కావాలనే అటు తోలిందన్నది నిజం. కానీ వాళ్ళలో అఫ్ఘన్లూ ఉన్నారు. ఐదుగురు అఫ్ఘన్ల విషయంలో సెప్టెంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం జోక్యం చేసుకోవలసి వచ్చింది. మీ ఊళ్ళో బడి బాగుచేస్తాం, మా గడప మాత్రం తొక్కకండి అన్నట్టుగా లేదూ?

మనమూ తక్కువేం తినలేదు. కాబూల్లో పార్లమెంటు భవనం కట్టించి 2015లో ప్రారంభించిన మన దేశం, 2021 ఆగస్టులో అఫ్ఘన్లకు అప్పటికే ఇచ్చిన వీసాలను రద్దుచేసింది. మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు కూడా అక్కడే చిక్కుబడిపోయారు.

దానం ఇచ్చేవాళ్ళ వీలునిబట్టి ఆగిపోతుంది. బాధ్యత అవతలి మనిషి అవసరం వెంట నడుస్తుంది. లిథువేనియా ఒంటరిగా తాలిబన్లని దించలేదు. అలా అడగడం అన్యాయం. కానీ ఒక వీసా, ఒక స్కాలర్‌షిప్పు, శరణు కోరే మాటని ఆలకించడం చిన్న దేశానికీ చేతనయ్యే పనులే.

2020లో జహ్రా జోయా అనే అఫ్ఘన్ పాత్రికేయురాలు ఒక వార్తాసంస్థ పెట్టి, దానికి ఘోర్‌లో చనిపోయిన ఆ అమ్మాయి పేరే పెట్టుకుంది: రుఖ్‌షానా మీడియా. దేశం విడిచి వెళ్ళాక కూడా దాన్ని నడుపుతోంది. లోపల ఉన్న స్త్రీలు ఇళ్ళలో రహస్యంగా ఆడపిల్లలకు చదువు చెప్తూనే ఉన్నారు. ఊడ్చి అలికే చాకిరీ ఇంకా సాగుతోందన్నమాట. పునర్నిర్మాణం ముగిసిందని 2013లో రాసుకున్నవాళ్ళు ఆ లెక్క ఇప్పుడైనా తిరగేసి చూసుకోవాలి.